ఇల్లే కార్యశాల

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటి వద్ద ఉండి ఉద్యోగం చేయడం, చదువుకోవడం ఈనాడు చాలామందికి అనుభవంలోకి వచ్చిన విషయం. కార్యాలయానికి వెళ్ళనవసరం లేకపోతే కాలం బాగా మిగులుతుందని అందరూ అనుకుంటారు. మిగిలిన ఆ కాలం ఎక్కడికి పోతున్నదో మాత్రం చాలామంది గమనించరు. ఇంట్లో పనిచేసేవారు కాలాన్ని ఏ విధంగా విభజించుకోవాలో, ఆ విభజనలో కుటుంబ సభ్యులందరికీ న్యాయం ఏ విధంగా జరగాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

చేనేత గ్రామాలలో వీధి వెంట నడుస్తూ ఉంటే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. అది కర్మాగారం నుంచి వచ్చే చప్పుడు కాదు, ఇంటి లోపలి నుంచి వచ్చేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చొని నేతగాడు నాడె ఆడిస్తూ ఉంటాడు. పక్కన ఇల్లాలు కండెలు చుడుతూ ఉంటుంది. వెనుక పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది. భూదాన్ పోచంపల్లిలోనైనా, మంగళగిరిలోనైనా గుంటమగ్గం ఉన్న ఇంట్లో కనిపించే దృశ్యం ఇదే. నిజామాబాదు ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని వాకిట్లోనే కూర్చుంటారు. కుమ్మరి సారె కూడా ఇంటి పెరట్లోనే తిరుగుతుంది. కనుక ఇంటి నుంచి పనిచేయడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. ఇల్లు ఒకచోట, పని మరొకచోట ఉండడమే మన చరిత్రలో ఇటీవలి విషయం.

పెద్ద యంత్రాలు వచ్చిన తరువాత మనిషి యంత్రం ఉన్న చోటికి వెళ్ళవలసి వచ్చింది. కర్మాగారంలో గంట మోగితే పని మొదలవుతుంది, గంట మోగితే పని ఆగుతుంది. ఆ గంటల సంఖ్య కోసం కార్మికులు దశాబ్దాల పాటు పోరాడారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమలలో రోజుకు ఎనిమిది గంటల పనికి సంబంధించినదే. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం వారానికి 48 గంటల పరిమితిని విధించింది. ఈ విధంగా పనికి ఒక హద్దు ఏర్పడింది. అయితే ఆ హద్దు కర్మాగారం గోడల వరకే. ఇంట్లో మగ్గం నేసేవారికి, బీడీలు చుట్టేవారికి పనివేళ ముగిసిందని చెప్పే గంట ఏదీ మోగలేదు.

ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో పని మళ్ళీ ఇంటి వైపు మళ్ళింది. అమెరికా శాస్త్రవేత్త జాక్ నిలెస్ 1973లో ‘టెలికమ్యూటింగ్’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. ఉద్యోగి కార్యాలయానికి ప్రయాణం చేయడానికి బదులు, పనినే తంతి మార్గంలో ఉద్యోగి దగ్గరకు పంపవచ్చునన్నది ఆయన ఆలోచన. కంప్యూటర్, ఇంటర్నెట్ విస్తరించిన కొద్దీ అది సాధ్యమైంది. కానీ దానిని కోట్లాది ప్రజలకు పరిచయం చేసింది ఒక మహమ్మారి. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లతో ఇళ్ళకు చేరారు. కొందరు నగరంలో అద్దె గదులు ఖాళీ చేసి సొంత ఊళ్ళకు వెళ్ళారు. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు ప్రారంభమయ్యాయి. భోజనాల బల్ల కార్యాలయమైంది, మంచం తరగతి గది అయింది. మహమ్మారి తగ్గిన తరువాత కూడా వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసే పద్ధతి అనేక సంస్థలలో నిలిచిపోయింది.

ఇంట్లో పనిచేసేవారికి ఎదురయ్యే మొదటి కష్టం ఏమంటే, ఇంటికి గంట లేదు. దీనివల్ల రెండు రకాల నష్టాలు కలుగుతాయి. మొదటిది, పని పలచబడడం. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టవలసిన పని పదకొండింటికి మొదలవుతుంది. మధ్యలో కూరగాయల బండి వస్తుంది, చుట్టం వస్తాడు, సెల్‌ఫోన్ మోగుతుంది. గంటలో ముగియవలసిన పని పూటంతా సాగుతుంది. బ్రిటిష్ చరిత్రకారుడు సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్‌సన్ 1955లో ‘ది ఎకనామిస్ట్’ పత్రికలో వ్రాసిన వ్యాసంలో ఈ స్వభావాన్ని హాస్యంగా వర్ణించాడు. ఒక పనికి ఎంత వ్యవధి ఇస్తే ఆ పని అంత వ్యవధినీ ఆక్రమించేటట్లు పెరుగుతుందని ఆయన ప్రతిపాదన. తీరిక ఉన్న వృద్ధురాలు ఒక్క కార్డు ముక్క వ్రాసి పంపడానికి రోజంతా గడపగలదని ఆయన ఉదాహరణ ఇచ్చాడు.

రెండవ నష్టం దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. అది పని ముగియకపోవడం. కార్యాలయంలో సాయంకాలం తలుపు మూసి బయటికి వస్తాం. ఇంట్లో ల్యాప్‌టాప్ మూసినా అది కళ్ళ ఎదుటే ఉంటుంది. రాత్రి పదింటికి ఒక సందేశం వస్తే జవాబు ఇవ్వకుండా ఉండలేం. పూట పూటకూ కాస్త కాస్త పని చేయడం వల్ల రోజంతా పనిచేసినట్లు ఉంటుంది, ఏ పనీ పూర్తి కానట్లూ ఉంటుంది. ఈ ఇబ్బంది గుర్తించి ఫ్రాన్స్ దేశం 2017లో ఒక చట్టాన్ని అమలులోకి తెచ్చింది. పనివేళలు దాటిన తరువాత ఉద్యోగి సందేశాలకు దూరంగా ఉండే హక్కును గురించి పెద్ద సంస్థలు ఉద్యోగులతో చర్చించాలని ఆ చట్టం నిర్దేశించింది.

అయితే ఇంటి నుంచి చేసే పని సహజంగానే తక్కువ నాణ్యమైనదా? కాదని చెప్పడానికి ఒక ప్రసిద్ధమైన పరిశోధన ఆధారంగా ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థలో 2010 డిసెంబరు నుంచి తొమ్మిది నెలల పాటు ఒక ప్రయోగం జరిపారు. ఫోనులో టికెట్లు, హోటల్ గదులు కుదిర్చే ఉద్యోగులలో ఇష్టపడినవారిని ఎంపిక చేశారు. పుట్టిన తేదీ సరిసంఖ్య అయినవారు వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేశారు. బేసిసంఖ్య అయినవారు కార్యాలయంలోనే పనిచేశారు. ఇంటి నుంచి పనిచేసినవారి పని 13 శాతం పెరిగింది. విరామాలు, అనారోగ్య సెలవులు తగ్గడం వల్ల అందులో ఎక్కువ భాగం వచ్చింది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండడం వల్ల మిగిలిన భాగం వచ్చింది.

ఈ ఫలితాన్ని చూసి తొందరపడరాదు. ఆ ప్రయోగంలో ఇంటి వద్ద ప్రత్యేకంగా గది ఉన్నవారికే అవకాశం ఇచ్చారు. ప్రయోగం ముగిసిన తరువాత ఇంటి నుంచి పనిచేసినవారిలో దాదాపు సగం మంది ఒంటరితనం భరించలేక తిరిగి కార్యాలయానికే వెళ్ళదలిచారు. అంటే ఇంట్లో పని సాగడానికి మనిషి పట్టుదల ఒక్కటే చాలదు. చోటు కావాలి, నిశ్శబ్దం కావాలి, తోడు కావాలి. ఈ మూడింటినీ సమకూర్చేది ఇల్లే. కాబట్టి కాలనియమం ఒక్క మనిషి చేసుకొనే తీర్మానం కాదు, ఇంటిల్లిపాదీ చేసుకోవలసిన ఒప్పందం. ఈ సంగతి మనసులో ఉంచుకొని కొన్ని నియమాలను పరిశీలిద్దాం.

మొదటి నియమం, చోటు. నేతగాడు మగ్గం గుంటలో దిగితే పనిలో ఉన్నట్లు, గుంట దిగి వస్తే పని ముగిసినట్లు ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అటువంటి గుర్తు ప్రతి పనికీ ఉండాలి. ప్రత్యేకమైన గది అందరికీ ఉండదు. ఒక కిటికీ పక్కన చాప పరచుకొన్నా చాలు. ఆ చాప మీద కూర్చున్నప్పుడు చదువు తప్ప మరొక పని చేయరాదు. తినడం, పడుకోవడం, సెల్‌ఫోన్ చూడడం మరొక చోట. కొన్ని రోజులు ఈ విధంగా చేస్తే ఆ చోటుకు చేరగానే మనసు పనిలోకి దిగుతుంది.

రెండవ నియమం, ఆరంభం, ముగింపు. ఇంటి నుంచి పనిచేసేవారికి దారి ప్రయాణం ఉండదు. ఆ ప్రయాణం శ్రమ అయినా, మనసును ఇంటి నుంచి పని వైపు మళ్ళించేది. దానికి బదులుగా స్నానం చేసి, బట్టలు మార్చుకొని, నాలుగడుగులు వీధిలో నడిచి వచ్చి కూర్చోవడం మేలు. అదే విధంగా సాయంకాలం పుస్తకాలు సర్ది, మరునాడు చేయవలసిన పనులు ఒక కాగితం మీద వ్రాసిపెట్టి లేవాలి. మరునాటి పని ముందురోజే నిర్ణయించుకొన్నవారికి ఉదయం ఏ పనితో మొదలుపెట్టాలా అన్న సందిగ్ధం ఉండదు. మనలో చాలామందికి ఉండేది ఆరంభశూరత్వం. మొదటిరోజు ఇరవై పనులు వ్రాసుకొని మూడవరోజుకు కాగితాన్నే మరచిపోతాం. రోజుకు మూడు ముఖ్యమైన పనులకు మించి వ్రాసుకోకపోవడమే మంచిది.

మూడవ నియమం, కొలత. నేతపనివారు ఎన్ని గంటలు కూర్చున్నామని కాక, ఎంత నేత దిగిందని చూసుకొంటారు. బీడీ పనివారికి వేయి బీడీల లెక్క ఉంటుంది. చదువుకొనేవారు కూడా ‘నాలుగు గంటలు చదివాను’ అనడం కంటె ‘ఈ పూట రెండు సమస్యలు సాధించాను, ఒక పాఠం చూడకుండా వ్రాశాను’ అనగలగాలి. కొలత లేని పనికి ముగింపు లేదు. అయితే కొలతకు మరొక ముఖం కూడా ఉన్నది. కూలి లెక్కతో బ్రతికేవారు ఇంకొంత, ఇంకొంత అంటూ రాత్రి పొద్దుపోయే వరకూ పనిచేస్తారు. కనుక కొలత ఎంత అవసరమో, దానికి పరిమితి కూడా అంతే అవసరం.

నాలుగవ నియమం, విడత. మనసు ఒకే విషయం మీద గంటల తరబడి నిలవదు. ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో సిరిల్లో 1980 దశకం చివరలో, విద్యార్థిగా ఉన్నప్పుడు, టమాటా ఆకారంలో ఉండే వంటింటి గడియారాన్ని ఎదురుగా పెట్టుకొని చదివేవాడు. 25 నిమిషాలు ఒకే పని, తరువాత 5 నిమిషాలు విరామం. ఇటాలియన్ భాషలో టమాటాకు ‘పొమొదోరో’ అని పేరు. ఆ పేరుతోనే ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. మన పూర్వులు దినాన్ని 60 గడియలుగా విభజించారు. ఒక గడియ అంటే 24 నిమిషాలు. ఏడున్నర గడియలు ఒక జాము. గడియకూ సిరిల్లో విడతకూ ఉన్న తేడా ఒక్క నిమిషమే కావడం యాదృచ్ఛికమే అయినా, మనకు గుర్తుంచుకోవడానికి అనుకూలంగా ఉన్నది. రెండు గడియలు చదివి పావు గడియ లేచి తిరగడం విద్యార్థులకు తగిన పద్ధతి. ఆ రెండు గడియలూ సెల్‌ఫోన్ మరొక గదిలో ఉండాలి.

ఈ నియమాలన్నింటినీ తూచా తప్పకుండా పాటించిన ఒక రచయిత ఉన్నాడు. పందొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగి. ఉదయం ఉద్యోగానికి వెళ్ళకముందే ఇంట్లో కూర్చొని నవలలు వ్రాసేవాడు. ఐదున్నరకు బల్ల ముందు కూర్చొనేవాడు. ఎదురుగా గడియారం పెట్టుకొని పావుగంటకు 250 పదాల చొప్పున వ్రాసేవాడు. ఈ విధంగా 47 నవలలు వ్రాశాడు. ఆయన మరణానంతరం 1883లో వెలువడిన స్వీయచరిత్రలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. కాలనియమానికి ట్రోలప్‌ను ఆదర్శంగా చూపేవారు ఎందరో ఉన్నారు.

కానీ ఆ స్వీయచరిత్రలోనే మరొక సంగతి ఉన్నది. ఆయనను ప్రతిరోజూ వేకువన నిద్రలేపి కాఫీ ఇచ్చేందుకు ఒక వృద్ధ సేవకుడు ఉండేవాడు. ఆ పనికి అతనికి ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా ముట్టేవి. తన విజయానికి తాను అందరికంటె ఎక్కువగా ఆ సేవకునికే ఋణపడి ఉన్నానేమోనని ట్రోలప్ వ్రాశాడు. ఐదున్నరకు యజమాని బల్ల ముందు కూర్చోవాలంటే సేవకుడు అంతకంటె ముందే లేవాలి గదా! ట్రోలప్ ఆ ఋణాన్ని గుర్తించాడు, దానికి ప్రతిఫలం ఇచ్చాడు. మన ఇళ్ళలో ఆ పాటి గుర్తింపు ఉన్నదా?

ఇక్కడ ‘ఇంటి నుంచి పని’ అనే మాట పక్కన ‘ఇంటిపని’ అనే మాటను కూడా పెట్టి చూడాలి. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019 సంవత్సరంలో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే నిర్వహించింది. ప్రజలు ఒక దినంలోని 24 గంటలను ఏయే పనులకు ఎంతెంత వినియోగిస్తున్నారో తెలుసుకొన్నది. జీతం లేని ఇంటిపని చేస్తున్న స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, అదే పని చేస్తున్న పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పైగా స్త్రీలలో 81 శాతం మంది ఆ పని చేస్తుండగా పురుషులలో 26 శాతం మందే చేస్తున్నారు. దాదాపు ఐదు గంటల పని, దానికి ఆదివారం లేదు, పదవీ విరమణ లేదు. ఇంట్లో ఒకరు ప్రశాంతంగా పనిచేసుకొంటున్నారంటే, ఆ ప్రశాంతతను మరొకరు తమ కాలంతో సమకూరుస్తున్నారని అర్థం.

ఈ విషయాన్ని చక్కగా గ్రహించిన ఒక తెలుగు బిడ్డ కథ మనకు తెలియవలసి ఉన్నది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు సమీపంలోని శారాజీపేట గ్రామంలో చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో జన్మించాడు. పోచంపల్లి పద్ధతిలో చీర నేయడానికి ముందు నూలుకు గాని, పట్టుకు గాని ముడులు కట్టి రంగులు అద్దుతారు. అంతకంటె ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని చేతితో అటూ ఇటూ తిప్పుతూ పోవడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చేతిని దాదాపు 9,000 సార్లు తిప్పవలసి ఉంటుంది. ఈ పని ఎక్కువగా ఇంటి స్త్రీలదే. మల్లేశం తల్లి లక్ష్మి కూడా ఏళ్ళ తరబడి ఆసు పోసింది. భుజం నొప్పితో చేయి లేవని స్థితికి వచ్చింది.

చీర అమ్ముడుపోయినప్పుడు నేతకు వెల కడతారు, రంగుకు వెల కడతారు. ఆసు పోసిన చేతిని గురించి ఎవరూ అడగరు. మల్లేశం అడిగాడు. ఆరవ తరగతితో చదువు ఆపివేసిన ఆ యువకుడు ఆసు పోసే యంత్రాన్ని చేయడానికి పూనుకొన్నాడు. డబ్బు చాలలేదు, చుట్టుపక్కలవారు నవ్వారు. హైదరాబాదులో పని చేసుకొంటూనే ప్రయత్నం కొనసాగించి 1999లో సాధించాడు. చేతితో నాలుగు గంటలకు పైగా పట్టే ఆసు ఆ యంత్రంతో గంటన్నరలో ముగుస్తుంది. దానికి తన తల్లి పేరు మీద ‘లక్ష్మి ఆసు యంత్రం’ అని పేరు పెట్టాడు. భారత ప్రభుత్వం 2017లో ఆయనను పద్మశ్రీతో గౌరవించింది.

ఈ కథలో యంత్రం ముఖ్యమే. అంతకంటె ముఖ్యమైనది మల్లేశం చూపు. ఇంట్లో పని వేగంగా జరగాలంటే మగ్గం మీద కూర్చున్నవారిని తొందరపెట్టడం ఒక మార్గం. ఆ మగ్గానికి దారం అందించే చేతికి ఎంత కాలం పడుతున్నదో, ఎంత నొప్పి కలుగుతున్నదో చూడడం మరొక మార్గం. ఆయన రెండవ మార్గాన్ని ఎంచుకొన్నాడు. కాలాన్ని పొదుపు చేయదలచిన ప్రతి ఇంటికీ ఇదే మొదటి మెట్టు.

మన ఇళ్ళలో దీనిని ఏ విధంగా ఆచరించవచ్చునో ఒక ఊహా కుటుంబాన్ని తీసుకొని పరిశీలిద్దాం. రెండు గదుల ఇల్లు. తండ్రి ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగి, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పనిచేస్తాడు. తల్లి ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. కూతురు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం, కొడుకు ఎనిమిదవ తరగతి. పిల్లలిద్దరికీ కలిపి ఒక్కటే సెల్‌ఫోన్. తండ్రి ఫోనులో మాట్లాడుతున్నప్పుడు మిషను చప్పుడు వినిపించరాదని తల్లి కుట్టు ఆపుతుంది. కూతురు చదువుకొంటున్నప్పుడు కొడుకు అల్లరి చేయకుండా తల్లి చూసుకొంటుంది. ఆగిన జాకెట్లు రాత్రి పదకొండింటికి మొదలవుతాయి. అందరూ తమ తమ పనులు సక్రమంగా చేసుకొంటున్నామనే అనుకొంటారు.

ఒక ఆదివారం కూతురు పాత క్యాలెండరు కాగితం వెనుకవైపున నాలుగు గడులు గీసింది. ఇంట్లో ఎవరు ఏ గంటలో ఏ పని చేశారో, ఆ పని మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో వారం రోజుల పాటు వ్రాసింది. తండ్రి గడిలో రెండేసి, మూడేసి గంటలు ఏకధాటిగా ఉన్నాయి. తన గడిలోనూ గంటన్నర చొప్పున ఉన్నాయి. అమ్మ గడిలో తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయే వరకు ఆగకుండా సాగిన అరగంట ఒక్కటీ లేదు. కాగితాన్ని గోడకు అంటించింది. ఎవరూ ఎవరినీ నిందించలేదు. తండ్రి చాలాసేపు ఆ కాగితం ముందు నిలబడ్డాడు.

మరునాటి నుంచి చిన్న మార్పులు జరిగాయి. ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు కుట్టుమిషను సమయం. ఆ వేళ తండ్రి తన ఫోనులను వెనుకగదిలోకి మార్చుకొన్నాడు. ఆ రెండు గంటలూ తలుపు కొట్టినవారికి జవాబు చెప్పే బాధ్యత ఆయనదే. నీళ్ళు పట్టడం, బట్టలు ఆరవేయడం కొడుకు వంతు. సెల్‌ఫోన్ ఎవరికి ఏ వేళలో అవసరమో ముందురోజు రాత్రి నిర్ణయమవుతుంది. రాత్రి తొమ్మిది దాటితే ఇంట్లో ఎవరి పనీ లేదు. నెల తిరిగేసరికి అద్భుతాలేవీ జరగలేదు. కొడుకు రెండుసార్లు నీళ్ళు మరచిపోయాడు. తండ్రికి ఒకరోజు పదకొండింటికే అత్యవసరమైన పిలుపు వచ్చింది. కానీ జాకెట్లు సాయంకాలానికే పూర్తవుతున్నాయి. తల్లి పదింటికి నిద్రపోతున్నది. పొద్దుటే ఆమె కళ్ళు ఎర్రగా లేవన్న సంగతిని మొదట గమనించింది కూతురే.

విద్యార్థులారా! మీరు రేపు ఏ ఉద్యోగంలో చేరినా జీవితంలో కొంత భాగం ఇంటి నుంచి పనిచేయవలసి రావచ్చు. ఇప్పటికే మీ చదువులో సగం ఇంట్లోనే సాగుతున్నది. చోటును ఏర్పరచుకోండి. ఆరంభాన్ని, ముగింపును నిర్ణయించుకోండి. పనిని కొలుచుకోండి, విడతలుగా చేయండి. వీటన్నింటికంటె ముందు మీ చదువుకు కావలసిన నిశ్శబ్దాన్ని ఎవరు సమకూరుస్తున్నారో ఒక్కసారి చూడండి. ఒకరికి మిగిలిన కాలం మరొకరి నుంచి తీసుకొన్నది కారాదు. పడుగుపేకలు కలిస్తేనే వస్త్రమవుతుంది. ఇంట్లో అందరి కాలమూ ఆ విధంగా అల్లుకొన్నప్పుడే ఇల్లు నిజమైన కార్యశాల అవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

కార్యశాల : పనిచేసే చోటు
నాడె : పడుగు మధ్య పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే సాధనం
కండె : దారం చుట్టిన చిన్న గొట్టం
పడుగు : మగ్గం మీద నిలువుగా సాగే దారాలు
పేక : పడుగుకు అడ్డంగా నేసే దారాలు
సారె : కుమ్మరి కుండలు చేసే చక్రం
ఒడంబడిక : ఒప్పందం
సందిగ్ధం : ఎటూ తేలని స్థితి
ఆరంభశూరత్వం : మొదట ఉత్సాహం చూపి తరువాత విడిచిపెట్టడం
యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది
ఏకధాటిగా : మధ్యలో ఆగకుండా

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఇంటి నుంచి పనిచేసేవారికి కలిగే రెండు రకాల నష్టాలను వివరించి, వాటిని అధిగమించడానికి పాఠంలో సూచించిన నియమాలను తెలపండి.
2. లక్ష్మి ఆసు యంత్రం ఏ అవసరం నుంచి పుట్టింది? కాలనియమానికి ఆ కథ ఏ విధంగా దోహదం చేస్తున్నదో వ్రాయండి.

II. క్రింది ప్రశ్నలకు 8 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సీట్రిప్ సంస్థలో జరిగిన ప్రయోగాన్ని, దాని ఫలితాలను వివరించండి.
2. ట్రోలప్ తన సేవకునికి ఋణపడి ఉన్నాననడంలోని ఔచిత్యమేమి?
3. క్యాలెండరు కాగితం మీద కూతురు వ్రాసిన లెక్క ఏ సత్యాన్ని వెల్లడించింది?

III. క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. ఇంటికి గంట లేదు.
2. కొలత లేని పనికి ముగింపు లేదు.
3. ఒకరికి మిగిలిన కాలం మరొకరి నుంచి తీసుకొన్నది కారాదు.

IV. క్రింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
కార్యాలయం, కర్మాగారం, మరణానంతరం, నాలుగైదు, ఏమంటే, ప్రత్యేకం

V. క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాసి, సమాస నామాలను తెలపండి.
పడుగుపేకలు, రెండు గదులు, కాలనియమం, వృద్ధ సేవకుడు

VI. ప్రాజెక్టు పని
మీ ఇంట్లోని ప్రతి ఒక్కరూ ఒక రోజులో ఏ పనికి ఎంత కాలం వినియోగిస్తున్నారో వారం రోజుల పాటు పట్టికగా వ్రాయండి. ఎవరికి ఏకధాటిగా కాలం దొరకడం లేదో గుర్తించి, ఇంట్లోవారితో చర్చించి, మీరు చేసిన ఒక మార్పును పది వాక్యాలలో వివరించండి.